కట్టమీది ఇంటిపేరు

చిక్కడపల్లి,
సోమవారం.

ప్రేమ వాళ్ళమ్మకు,

మన సంసారంలో నేను నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఇన్నేళ్ళలో రాయాల్సిన పని పడలేదు, నువ్వెప్పుడూ పక్క గదిలోనే ఉన్నావు. ఇప్పుడేమో ఫోను ఫ్రిజ్ మీద పెట్టి, రెండు చీరలు సంచిలో కుక్కుకుని, మక్తల్ పక్కన మీ అక్క ఊరికి బస్సెక్కి పోయావు. ఆ ఫోనుకు రోజూ చార్జింగ్ పెడుతున్నాను, ఎవరు మాట్లాడతారనో నాకే తెలియదు. నిన్న బాలనాగమ్మ వదిన నెంబరుకు చేశాను. ఆమె హలో అనగానే వదినా అనాలో అక్కా అనాలో తెలియక పెట్టేశాను. ఎవరిని ఏమని పిలవాలో తెలియనివాడు ఎవరితో ఏం మాట్లాడతాడు చెప్పు. అందుకే ఉత్తరం. ఉత్తరంలో కూడా నీ పేరు రాయబోతే చెయ్యి ఆగింది. మన పిల్ల ప్రేమకు నువ్వు అమ్మవనే సంగతిని ఏ ముసలాయనా మార్చలేడు కదా అని అక్కడ మొదలుపెట్టాను.

నా ఉద్యోగం ఎలాంటిదో చూడు. బుచ్చిబాబు గారి ప్రెస్సులో కూర్చుని పెళ్ళికార్డులు కంపోజు చేయడం. వచ్చిన ప్రతివాళ్ళనూ ఇంటిపేరు చెప్పండి, మేనమామల ఇంటిపేరు చెప్పండి అని అడిగి కొట్టడం. ఇటు చిక్కడపల్లిలో, అటు నారాయణగూడలో, అశోక్ నగర్‌లో జరిగిన ఎన్ని పెళ్ళిళ్ళకు ఇంటిపేర్లు పేర్చానో నాకే గుర్తులేదు. పేరు వినగానే వీళ్ళు ఫలానా వైపు వాళ్ళు, ఫలానా ఊరి నుంచి వచ్చారు అని చెప్పేవాణ్ణి. కొంచెం పొగరు కూడా ఉండేది, నువ్వు ఎన్నోసార్లు ఎగతాళి చేశావు. ఆ పొగరంతా ఒక ముసలాయన ఒక్క ప్రశ్నతో తీసి పక్కన పెట్టాడు.

ఆ రోజు మళ్ళీ మళ్ళీ కళ్ళముందు తిరుగుతోంది. క్రాంతికుమార్ వాళ్ళు ప్రేమను చూడడానికి దేవరకద్ర నుంచి బండి మాట్లాడుకుని వచ్చారు. నువ్వు పొద్దున్నే లేచి భక్షాలు చేశావు. పిల్లవాడికి కరెంటాఫీసులో ఉద్యోగం, నెమ్మదస్తుడు, ప్రేమకూ నచ్చాడు. అంతా సాఫీగానే పోతోంది. అప్పుడు వాళ్ళ తాత గొంగడి సర్దుకుని, "మీ ఇంటిపేరేందన్నరు?" అని అడిగాడు.

"కట్టమీది."

"ఏ కట్ట?"

నేను నవ్వాను. అందరి ఇంటిపేర్లూ అడిగే నేను నా ఇంటిపేరును ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదు. "ఏమో తాతా, మా నాయన రాములు కట్టపనులకు పోయేటోడు. గట్ల వచ్చుంటది" అన్నాను.

"రాములా? ఎడమ చెవికి తమ్మె లేకుంటెనా? చిన్నప్పుడు కుక్క పీకింది?"

నేను తలూపాను. ఆయన మొహం ఎలా మారిందో నువ్వూ చూశావు. "గా రాములు నా ఎంబడి మన్ను మోసిండు నాయనా. కట్టమీది అనేది ఇంటిపేరు గాదు. కట్ట మీద గుడిసెలేసుకున్న గుంపు పేరు. రాములు కంబళ్ల మల్లయ్య కొడుకు. తల్లీదండ్రీ గత్తర రోగంల పోతే గుంపోళ్లు సాదిన్రు" అని, అంతటితో ఆగకుండా, "పిల్ల తల్లి ఏ ఇంటి ఆడబిడ్డ?" అన్నాడు.

మనం చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. నీ తమ్ముడు అక్కడే కూర్చుని ఉన్నాడు, అప్పుడే వాళ్ళకు 'కంబళ్ల శ్రీనాథ్' అని పేరు చెప్పుకుని, మేనమామ హోదాలో కాలుమీద కాలేసుకుని. మన కురుమల్లో ఒకే ఇంటిపేరు అంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మల్లయ్య కొడుకు కొడుకును నేను. కంబళ్లోళ్ళ ఆడబిడ్డవు నువ్వు. ఆ గదిలో చిన్నపిల్లలకు కూడా అర్థమైపోయింది.

అందరూ నా మొహమే చూస్తున్నారు. నేను లేచి నిలబడి, బయట వాకిట్లో ఉన్నవాళ్ళకు కూడా వినపడేటట్టు, "అయ్యా, నాకేమెరుక? ఎరుకైతే చేసుకుందునా?" అన్నాను. నీ మీద మాట పడొద్దనే అన్నాను. మనం తెలిసి తప్పు చేసినవాళ్ళం కామని వాళ్ళకు చెప్పాలి కదా. ఆ ఒక్క మాటే ఆ పూట మన పరువు కొంచెమన్నా నిలబెట్టింది. తాత చెబుతున్నంతసేపూ నువ్వు చాయ్ పళ్ళెం పట్టుకుని కదలకుండా నిలబడ్డావు. తరువాత పళ్ళెం నేల మీద పెట్టి లోపలికి పోయావు. సాయంత్రానికి ఇంట్లో లేవు.

సంబంధం పోయింది. వరుస తప్పిన సంసారంలో పుట్టిన పిల్ల మాకొద్దని కబురు పంపారు. అది ప్రేమకు చెప్పడానికి నాకు నోరు రాలేదు, అదే ఎవరి ద్వారానో విని, పుస్తకాలు సర్దుకుని సెంట్రల్ లైబ్రరీకి పోయింది. శ్రీనాథ్ అశోక్ నగర్‌లో హాస్టల్ పిల్లలకు ఇడ్లీ పెడుతూ నన్ను చూసి తల బండి కిందికి పెట్టాడు. మొన్నటిదాకా బావా అని దూరం నుంచే కేకేసేవాడు. ఇంట్లో నీ దువ్వెన చూస్తే భయమేస్తోంది, నీ చెప్పులు చూస్తే భయమేస్తోంది. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషిని తలుచుకోవడం తప్పో ఒప్పో తెలియకుండా ఎవరైనా బతకగలరా?

నాకు అక్షరాలు నేర్పింది నువ్వు. ట్రెడిల్ మిషను రోజుల్లో సీసం అక్షరాలు గళ్ళలోకి సర్దేవాణ్ణి, అవి తిరగేసి ఉంటాయి కాబట్టి నాకు అక్షరాలన్నీ తలకిందులుగానే తెలుసు. కాగితం మీద సరిగ్గా ఉన్నది చదవడం రాదు. నిన్ను చూసుకోవడానికి మీ ఇంటికి వచ్చిన రోజున ఒక కార్డు వెనకాల నా పేరు రాసి చూపించావు, గుర్తుందా? ఆ అక్షరాలతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. తిరిగి రా. రాలేకపోతే ఎందుకు రాలేవో ఒక ముక్క రాయి. ఇంటిపేరు లేకుండా సంతకం పెట్టడం ఇదే మొదటిసారి.

పీరయ్య

*

చిక్కడపల్లి,
గురువారం.

బీరమ్మా,

ఈసారి పేరు రాసేశాను. ఏమైతే అయింది.

నువ్వు జవాబు రాయలేదు. ప్రేమ ఆదివారం నీ దగ్గరికి వచ్చి పోయింది, అమ్మ ఏమందే అంటే, "ఏమన్నదో నీకు చెప్పొద్దన్నది" అని కంచం ముందు పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవి మాత్రం నవ్వు ఆపుకుంటున్నట్టుంది. తల్లీకూతుళ్ళు మీ ఇద్దరూ కలిసి నన్ను పిచ్చివాణ్ణి చేస్తున్నారు. పప్పులో ఉప్పు లేదు. అడగలేదు.

ప్రెస్సులో నా పని అధ్వానంగా ఉంది. నిన్న ఒక కార్డులో వరుడి తల్లిదండ్రుల పేర్లే వధువు కింద కూడా పేర్చాను. బుచ్చిబాబు గారు ప్రూఫు చూసి, "ఏంటయ్యా పీరయ్యా, అన్నాచెల్లెళ్ళకు పెళ్ళి చేస్తున్నావా ఏంటి?" అని నవ్వారు. పాపం ఆయనకేమీ తెలియదు, గుంటూరు నుంచి వచ్చినప్పటి నుంచీ ఆయన హాస్యం అదే. నేను బయటికి పోయి కుళాయి కింద మొహం పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. లోపలికి వచ్చేసరికి ఆయన ఆ కార్డు తనే సరిచేసుకున్నారు.

ఆ ముసలాయన అబద్ధం చెప్పాడని నిరూపిస్తే చాలనిపించింది. చెవి తమ్మె లేనివాళ్ళు లోకంలో ఒక్కరే ఉంటారా? మా నాయన బతికి ఉన్నప్పుడు మన బీరప్ప దేవుడి పండుగకు ముందు ప్రతిసారీ అడిక్‌మెట్ వెనక బస్తీలో ఒక పెద్దామె దగ్గరికి పోయేవాడు. మాసమ్మ అనేవాడు. నేను చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు వెంట పోయాను. ఆమె ఇంకా ఉందో లేదో తెలియకుండానే పోయాను. ఉంది. మనవడు సెంట్రింగ్ పనికి పోతాడు, ఆమె గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూడగానే, నేను పేరు చెప్పకముందే, "రాములు కొడుకువా? నీ మొఖం కన్నా ముందల నీ నడక వచ్చింది బిడ్డా" అంది.

ఏ కట్ట అని అడిగాను. ఆమె నా వైపు జాలిగా చూసింది.

"ఏ కట్టని చెప్పాలె. కరువుకు గొర్లు సచ్చినంక మేమందరం పాలమూరు ఇడిచి మన్ను పనికి పోయినం. ఆడ చెరువు కట్ట పోస్తే ఆడ గుడిసెలు. గది అయిపోతే కాలువ కట్ట. గదీ అయితే ఇంకోతాన. కర్నాటకం దాంక పోయినం. ఊరు లేదు, ఇల్లు లేదు. అంగడికి పోతే 'కట్టమీదోళ్లు వచ్చిన్రు, జర దూరం నిలవెట్టుర్రి' అని సావుకారు అనేటోడు. గట్ల పడ్డది పేరు."

"మరి మా నాయన ఎవరి కొడుకు?" అన్నాను.

"కంబళ్ల మల్లయ్య కొడుకు. తల్లి పేరు సమ్మక్క. ఇద్దరికీ ఒక్క దినమే గత్తర తగిలింది."

ఆమె ఇంకా ఏదో చెబుతోంది. నేను లేచి వచ్చేశాను. మనవడు ఇచ్చిన చాయ్ కూడా ముట్టలేదు. విద్యానగర్ మీదుగా నడుచుకుంటూ ఎప్పుడు లైబ్రరీ దగ్గరికి చేరానో తెలియదు. చెట్ల కింద, మెట్ల మీద, బండ్ల మీద ఎక్కడ చూసినా పరీక్షల పిల్లలు. తెలంగాణ చరిత్ర అని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాజులు ఎటునుంచి వచ్చారో ఎటు పోయారో బట్టీ పడుతున్నారు. నేనూ వాళ్ళ మధ్య కూర్చున్నాను. ఎవరన్నా నన్ను ఒక ప్రశ్న అడిగితే బాగుండుననిపించింది. పీరయ్య ఎవరు? బీరమ్మకు ఏమవుతాడు? నాలుగు జవాబులిచ్చి ఒకటి గుర్తుపెట్టమంటే, నాలుగూ కొట్టేసి వచ్చేవాణ్ణి.

ఇదంతా నీకు రాయకుండా దాచేద్దామనుకున్నాను. ముసలామె కాదంది, నేను వేరే ఇంటి బిడ్డనంది అని రాస్తే నువ్వు రేపే బస్సెక్కుతావు కదా. సగం రాసి చించేశాను కూడా. నీకు ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం చెప్పలేదు, ఒక్కసారి తప్ప, అది నీ తమ్ముడి బండి గుద్దింది నేనేనన్న సంగతి. ఇంత పెద్ద అబద్ధం మోసే ఒళ్ళు కాదు నాది. కాబట్టి నిజమే రాస్తున్నాను. ఆయన చెప్పింది నిజం. నేను మీవాణ్ణే. నాకింక దారి కనిపించడం లేదు బీరమ్మా. ఇంటికి వచ్చి తలుపు తాళం తీయడానికి కూడా చేతులు రావడం లేదు.

ఏ ఇంటివాడో తెలియని,
పీరయ్య

*

చిక్కడపల్లి,
బుధవారం.

బీరమ్మా,

ఇది మూడో ఉత్తరం. దీనికీ జవాబు రాకపోతే నాలుగోది రాయను. బెదిరింపు కాదు, నా దగ్గర ఇంక మాటలు లేవు.

మళ్ళీ మాసమ్మ దగ్గరికి పోయాను. పోయినసారి మధ్యలో లేచి వచ్చినందుకు ఆమె నన్ను బాగా తిట్టింది. "సగం కథ ఇని ఉరికినవ్. మీ నాయన గూడ గంతే, ఏదీ ఆఖరిదాంక ఇనకపోతుండె" అంది. కూర్చోబెట్టి మిగతా సగం చెప్పింది. అది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

గత్తర వచ్చిన ఏడు ఆ కట్ట మీద చాలామంది పోయారట. చచ్చినవాళ్ళను మోయడానికి మనుషులు లేక కాదు, ఎవరు మోయాలో తెలియక శవాలు ఆగిపోయాయట. ఇంటిపేరోడే కదా మోయాలి, ఇంటిపేరోడే కదా మైల పట్టాలి. గుంపులో ఒక్కొక్క ఇంటిపేరుకూ ఒక్కొక్కరే మిగిలారు. మల్లయ్య, సమ్మక్క పొద్దున పోతే సాయంత్రం దాకా గుడిసెలోనే ఉన్నారు. పక్కన మా నాయన, పిల్లవాడు, ఈగలు తోలుతూ కూర్చున్నాడట. అది చూసి గుంపును పనికి తెచ్చిన మేస్త్రీకి మనసు ఆగలేదు.

"మర్నాడు పొట్టేలును కోసిండు. పది పొయ్యిలు ఆర్పించి ఒక్క పొయ్యి మీద వండిపిచ్చిండు. అందరి చేతులకూ గొంగడి నూలు కట్టిండు. బీరప్ప మీద ఆనవెట్టి, 'ఇయ్యాల్టి సంది ఈ పొయ్యి కూడు తిన్నోడు కట్టమీదోడు. కట్టమీదోడు సస్తే కట్టమీదోడు మోస్తడు, మైల పడ్తడు. మనల మనకు పిల్లనిచ్చుడు లేదు, తెచ్చుడు లేదు' అన్నడు. నాకు కట్టిన నూలు ఏడాది దాంక ఇప్పలే బిడ్డా, చేతిమీదనే పుటుక్కుమన్నది."

నాకు అక్కడే ఏడుపొచ్చింది. అర్థమైందా నీకు? మా ఇంటిపేరు ఎవరో దుకాణదారు ఎగతాళికి పెట్టింది కాదు. మోసేవాడు లేని పిల్లల కోసం కడుపు చించుకుని పెట్టుకున్న పేరు. ఆ కూడు తిన్న నాటితో మా నాయన కంబళ్లోడు కాకుండా పోయాడు. నేను కట్టమీదోణ్ణే. నువ్వు నాకు ఏ విధంగానూ చెల్లెలివి కావు.

ఈ సంగతి చెబుదామని ఆగకుండా అశోక్ నగర్ పోయాను. శ్రీనాథ్ బండి దగ్గర నిలబడి అంతా చెప్పాను, హాస్టల్ పిల్లలు ప్లేట్లు పట్టుకుని వింటున్నారు. వాడు విని, "పొయ్యి మారితే నెత్తురు మారతదా బావా?" అన్నాడు. అన్నాక తను బావా అన్నట్టు వాడికే తెలిసి, చట్నీ గిన్నె తీసుకుని అటు తిరిగాడు. వాడి మాటకు జవాబు దారంతా వెతుక్కుంటూ వచ్చాను. మేస్త్రీ మాట పెద్దదా, నెత్తురు పెద్దదా? మేస్త్రీ లేడు అడగడానికి. ఒగ్గు పూజారిని అడిగితే బీరప్ప గుడిలో మళ్ళీ నూలు కడతానన్నాడు. రేపు పండుగకు కట్టించుకుంటాను. కానీ నూలు కట్టుకున్నంత మాత్రాన నీ మనసు తేలికపడుతుందో లేదో ఎవరు చెప్పాలి?

ఇంట్లో ప్రేమను అడిగాను, అమ్మ ఎందుకు రావట్లేదు, ఇంకా ఏం చేయాలి అని. అది పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "నువ్వు ఇంటిపేరు ఎతుకుతున్నవ్ నాన్నా. అమ్మ పోయింది ఇంటిపేరు కోసం అని నీకెవరు చెప్పిన్రు?" అంది. ఇంకెందుకు పోయావు మరి?

సరే, నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఇల్లు నీది. నీ చేతులతో సర్దుకున్న ఇల్లు. నేను ప్రెస్సులో వెనక గదిలో ఉంటాను, బుచ్చిబాబు గారిని అడిగాను, సరేనన్నారు. నువ్వు వచ్చి ప్రేమతో ఉండు. నేను నెలకోసారి గుమ్మం దాకా వచ్చి సరుకులు పెట్టి పోతాను. నీకు అంతకన్నా మేలనిపిస్తే, నలుగురిలో నన్ను అన్నా అని పిలువు. పలుకుతాను. పళ్ళు బిగపట్టి పలుకుతాను. నువ్వు ఆ ఇంట్లో ఉన్నావని తెలిస్తే చాలు. ఇంతకన్నా కిందికి దిగడానికి నాకు మెట్టు లేదు బీరమ్మా.

నీ,
(ఇక్కడ ఏం రాయాలో నువ్వే చెప్పు)
పీరయ్య

*

బాలనాగమ్మ అక్క ఇల్లు,
శుక్రవారం.

మా ఇంటి కంపోజిటరుకు,

నీ మూడు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి మూడు రోజులు అన్నం తినలేదు. రెండోది చదివి తిన్నాను, నా తమ్ముడి బండి గుద్దింది నువ్వేనని తెలిసి కొంచెం నవ్వు కూడా వచ్చింది. మూడోది చదివి, ఆ 'అన్నా' అన్న ముక్క దగ్గర, పొయ్యిలో పెట్టబోయాను. అక్క లాక్కుని కొంగులో ముడేసుకుంది. ఆమెకు చదువు రాదు, అయినా కాల్చొద్దట.

నేను రాసేది ఆఖరిదాకా చదువు. మధ్యలో లేచిపోకు. మాసమ్మ నిన్ను సరిగ్గానే తిట్టింది.

మీవాళ్ళు నన్ను చూడడానికి వచ్చిన రోజు అందరూ నన్ను నడువు, పాట పాడు అన్నారు. నువ్వు ఏమీ అడగలేదు. చాయ్ తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని, "నువ్వు సదువుకున్నవట గదా, నా పేరు రాసి సూపెట్టు. ఎప్పుడూ తిరగేసే చూసిన" అన్నావు. నువ్వు జేబులోంచి తీసిచ్చిన పెళ్ళికార్డు వెనకాల నేను కట్టమీది పీరయ్య అని రాశాను. నువ్వు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "గిదేనా నేను" అన్నావు. అంత మెల్లగా మాట్లాడే మగవాణ్ణి నేను అప్పటిదాకా చూడలేదు. ఇంక నాకు ఇంకో సంబంధం చూడొద్దని అప్పుడే అనుకున్నాను.

పెళ్ళికి ముందురోజు పసుపు దంచుతుంటే మా నాయనమ్మ నన్ను గొర్లదొడ్డి వెనక్కి పిలిచింది. పొద్దున మీ నాయన వచ్చి పోయాడు కదా, ఆమె ఆయన్ను చూసింది. చెవి సంగతి కాదు. ఆయన కూర్చున్న తీరు చూసిందట. "గాయన మా మల్లయ్య కొడుకు. కరువుల పోయిన మా మరిది మల్లయ్య. ఎవ్వలకూ ఎరుక లేదు, నాకొక్కదానికే ఎరుక. నువ్వు ఊ అను, నేను ఏదో ఒక సాకు జెప్పి పెండ్లి ఆపుతా. నీ మీద మాట రాదు" అంది.

నాకు పందొమ్మిదేళ్ళు. రోకలి చేతిలోనే ఉంది. వరుస అంటే ఏమిటో నాకు నీకన్నా బాగా తెలుసు, నేను కంబళ్ల ఇంట్లో పెరిగినదాన్ని. భయమేసింది, బీరప్ప కళ్ళు తీస్తాడనిపించింది. అయినా నేను ఆమెతో ఏమన్నానో తెలుసా? "నాయనమ్మా, ఆయన ఇంటిపేరు నేను నా చేత్తో రాసిచ్చిన. కట్టమీది అని రాసిన. నువ్వు నోరు మూసుకో" అన్నాను. ఆమె నా మొహం చూసి, నా తల మీద చెయ్యి పెట్టి, పోయేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నాకు పెళ్ళికి ముందే ఎరుక. తెలిసే తాళి కట్టించుకున్నాను. తెలిసే ప్రేమను కన్నాను. పురిటి నొప్పుల్లో కూడా నా భయం అదే, నా తప్పుకు బిడ్డకు ఏమన్నా అవుతుందేమో అని. కాలూ చెయ్యీ అన్నీ సరిగ్గా ఉన్నాయని నర్సు చెప్పాక నేను ఎందుకు అంత గట్టిగా ఏడ్చానో నువ్వు అడిగావు, నేను చెప్పలేదు. నీకు ఎందుకు చెప్పలేదంటే నీ సంగతి నాకు తెలుసు కాబట్టి. నువ్వు రాత్రికి రాత్రి ఊరు దాటేవాడివి. ఇద్దరం మోయాల్సింది నేనొక్కదాన్నే మోశాను, బరువనిపించలేదు.

అందుకే ఆ ముసలాయన చెబుతున్నంతసేపూ నేను కదలలేదు. నాకు కొత్త సంగతి ఏముంది అందులో? ఇన్నాళ్ళకు బయటపడింది, ఇప్పుడు నా పక్కన నువ్వుంటావు, ఇద్దరం కలిసి జవాబు చెబుదాం అనుకున్నాను. ఒక రకంగా పీడ వదిలిందనుకున్నాను. అప్పుడు నువ్వు లేచి నిలబడి, వాకిట్లోకి వినపడేటట్టు ఆ మాట అన్నావు. ఎరుకైతే చేసుకుందునా?

నా చేతిలో పళ్ళెం ఆ మాటకు బరువెక్కింది. కంబళ్ల అన్నప్పుడు కాదు.

నీ మొదటి ఉత్తరంలో ఆ మాట మన పరువు నిలబెట్టిందని రాశావు. ఆ మాటతో ఎవరిని కాదన్నావో మూడు ఉత్తరాల్లోనూ నీకు తట్టలేదు. కూతురికి ఒక్క పూటలో అర్థమైంది. ఊరంతా తిరిగి ఇంటిపేరు ఎక్కడిదో కనుక్కున్నావు, మంచి పని చేశావు, మాసమ్మ కథ చదివి నేనూ ఏడ్చాను. ఆ మేస్త్రీ తెలిసే కదా అన్నాడు, ఎవరి బిడ్డ ఏ ఇంటివాడో అన్నీ తెలిసి కూడా వీళ్ళందరూ నావాళ్ళు అన్నాడు. తెలియక అన్నమాటకు విలువేముంది?

నాకు నూలు కట్టించొద్దు. పూజారిని తీసుకురావద్దు. ప్రెస్సులో పడుకునే పని కూడా పెట్టుకోకు, దుమ్ముకు నీకు దగ్గొస్తుంది. ఇప్పుడు నీకూ ఎరుకైంది. నాకున్నంత ఎరుక నీకూ ఉంది. ఆదివారం మొదటి బస్సుకు రా. మా అక్క వాకిట్లో నిలబడి, ఆ రోజు ఎంత గొంతుతో అన్నావో అంత గొంతుతో, అందరూ వినేటట్టు చెప్పు. శ్రీనాథ్‌ను కూడా వెంట తీసుకురా, వాడూ వినాలి. ఏం చెప్పాలో మాత్రం నేను రాసివ్వను. పోయినసారి నీ పేరు రాసిచ్చాను. ఈసారి నువ్వే కంపోజు చేసుకో.

వచ్చేటప్పుడు ఫ్రిజ్ మీద ఉన్న నా ఫోను తీసుకురా.

కట్టమీది బీరమ్మ